మేంగ్ చిల్బోక్ ఒళ్ళు రుద్దించుకున్న వైనం

మేంగ్ చిల్బోక్ నోరు తెరిచాడంటే కంసిల్ ఊళ్ళో పని ఉన్నవాళ్ళు పని ఆపరు, పని లేనివాళ్ళు ఇంటికి పోరు. అరవై ఏడేళ్ళ మనిషి, గట్టిగా తూస్తే అరవై కిలోలు ఉండడు. ఆ ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచుకున్నాడో ఎవరికీ అంతుబట్టదు. ఆయన చెప్పేదాంట్లో నిజమెంతో అందరికీ తెలుసు. అయినా సరే, ఆయన రాని పెళ్ళి పెళ్ళిలా ఉండదు, ఆయన లేని నాట్లు తొందరగా తెమలవు.

ఆ రోజు బున్యే పెద్దమ్మ వాకిట్లో చలికాలానికి కిమ్చీ పెడుతున్నారు. నిన్న సాయంత్రం రెండు వందల క్యాబేజీలు చీల్చి ఉప్పులో వేశారు, తెల్లారి కడిగి నీళ్ళోడడానికి బోర్లించారు. నీలం పట్టా పరిచి, నడిమధ్య కారం ముద్ద గుట్టగా పోసి, చుట్టూ ఆడవాళ్ళు చతికిలబడి ఒక్కొక్క రేకూ ఎత్తి కారం పట్టిస్తున్నారు. పొయ్యి మీద పంది మాంసం ఉడుకుతోంది. ఆ వేడి ముక్కని కొత్త కిమ్చీ రేకులో చుట్టి నోట్లో పెట్టుకునే ఘడియ కోసమే మగవాళ్ళు పొద్దున్నించీ బుట్టలు మోస్తున్నారు. చిల్బోక్ మాత్రం రెండు బుట్టలు మోసి, వాకిట్లో బల్లమంచం ఎక్కి, బియ్యపు కల్లు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆయన భార్య మల్సూన్ పట్టా ఆ చివర కూర్చుంది. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, చెవుల మీదుగా ఊలు టోపీ. చేతులు గబగబా ఆడుతున్నాయి గానీ మనసు అక్కడ లేదు. కారణం మూడు గంటలకి రాబోయే వ్యాను.

కిమ్చీ పెట్టిన సాయంత్రం ఊరి ఆడవాళ్ళంతా కలిసి సంతవీధి స్నానశాలకి పోయి, మసిలే నీళ్ళలో నడుములు నానబెట్టుకుని, ఒకరి వీపొకరు రుద్దుకుని రావడం ఎప్పట్నించో ఉన్న మర్యాదే. నలభై ఏళ్ళు మల్సూన్ అందరికన్నా ముందు ఎక్కి కూర్చునేది. రెండేళ్ళ నుంచి పోవడం మానేసింది. సియోల్‌లో పిత్తాశయంలో రాళ్ళు తీశారని, వేడినీళ్ళు తగలకూడదని డాక్టరు చెప్పాడని ఊళ్ళో చెప్పింది. తీసింది రాళ్ళు కాదు, ఎడమ రొమ్ము. ఆ సంగతి తనకీ తన మొగుడికీ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం. స్నానశాలలో చేతిగుడ్డంత తువ్వాలు తప్ప ఒంటి మీద ఏమీ ఉండదు. నలభై ఏళ్ళుగా తన ఒళ్ళు తెలిసినవాళ్ళ ముందు ఇప్పుడు దాన్ని ఎలా విప్పాలో ఆమెకి తెలియలేదు.

"మల్సూన్ వదినా, ఇవాళైనా వస్తావా?" అని అడిగింది ఛున్హీ. ఊరి మహిళా సంఘానికి పెద్ద ఆమే. "వ్యానువాడికి ఎంతమందో చెప్పాలి. రాళ్ళు తీసి రెండేళ్ళయింది, ఇంకా వేడినీళ్ళు పడవంటే ఆ డాక్టర్ని మార్చాలి."

అందరి తలలూ ఇటు తిరిగాయి. వెళ్ళాలని ఉంది, చాలా ఉంది. రానని చెప్పడానికి నోరు రాలేదు, వస్తానని చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

"స్నానశాలా?" అని బల్లమంచం మీద నుంచి గొంతు లేచింది. "స్నానశాల మాటెత్తాలంటే ముందు నన్నడగాలి ఛున్హీ! మీరంతా ఏదో ఒళ్ళు తడుపుకుని వస్తారు. మొన్న నేజాంగ్ కొండకి పోయి వస్తూ నేను చేసిన స్నానం చెప్తే మీరు మళ్ళీ ఆ ముచ్చటే ఎత్తరు."

మల్సూన్‌కి ఒక పక్క ప్రాణం లేచొచ్చింది, ఇంకో పక్క గుండె జారింది. తనని గండం నుంచి తప్పించాడు, బాగానే ఉంది. కానీ ఈయన కోతల జోరులో ఏ మాట ఎటు జారుతుందో ఆయనకే తెలియదు. ఆ రోజు సంగతి ఒక్క ముక్క బయటపడినా తన పని అయిపోయినట్టే.

"మొదట్నించీ చెప్పు బావా, కల్లు ఇంకా ఉంది" అన్నాడు పక్కింటి తేగన్.

"మొదట్నించే చెప్తా. నవంబరు మొదటి ఆదివారం, ఆకులు బాగా ఎర్రబడిన రోజు, మా ఆవిడని బండిలో ఎక్కించుకుని పోయాను. ఆ ఆదివారం అక్కడ జనం సంగతి మీకు తెలుసు, సియోల్ నుంచి వచ్చిన బస్సులే నాలుగు వందలు, ఊరికే అనడం లేదు, లెక్కపెట్టాను. అలాంటి రోజున ఈ మేంగ్ చిల్బోక్ తన బండిని ఎక్కడ ఆపాడో తెలుసా? గేటుకి ఎదురుగా. మొదటి గడిలో. నీడపట్టున."

కారం పట్టించే చేతులు ఆగిపోయాయి.

"కొండని మింగేశానని చెప్పు బావా, నమ్ముతాను" అన్నాడు తేగన్. "ఆ ఆదివారం బండికి చోటు దొరికిందంటే మాత్రం నా వల్ల కాదు."

మల్సూన్ తల వంచుకుని నవ్వుకుంది. బండిని మూడు మైళ్ళ ఇవతల ఎవరిదో ముల్లంగి చేను గట్టున వదిలేసి ఇద్దరూ కాలినడకన పోయారు. దారి పొడుగునా ఆయన సంచీ భుజాన వేసుకుని, ప్రతి రెండు ఫర్లాంగులకీ ఆగి, బూటు తాడు ఊడిందని వంక పెట్టుకుని కూర్చునేవాడు. ఆ తాడు ఊడింది ఒక్కసారే. మిగిలినవన్నీ ఆమెకి ఆయాసం వచ్చినప్పుడు ఆగినవే.

"అది చిన్న సంగతి, పక్కన పెట్టు. కేబుల్ కారు దగ్గరికి పోతే మూడు వేల మంది లైను. మా ఆవిడ ముఖం చిన్నబోయింది. నేనన్నాను, ఒసే, నీకు కొండ మీద నుంచి ఆకులు చూడాలని ఉందా, అంతే కదా, ఎక్కు వీపు మీదకి. ఎక్కింది. ఎక్కిందా, నేను నడవడం మొదలుపెట్టాను, నడవడం అంటే నడవడమే, పరుగెత్తలేదు, పరుగెత్తితే గాలికి ఆవిడకి జలుబు చేస్తుంది. సగం కొండ ఎక్కేసరికి పక్కన ఏదో నీడ కదిలింది. ఏమిటా అని చూస్తే కేబుల్ కారు. దాన్ని దాటేసి పోతున్నాను! లోపల ఉన్నవాళ్ళంతా అద్దాలకి ముక్కులు అంటించి చూస్తున్నారు. నేను కూడా మర్యాదకి చెయ్యి ఊపాను."

"ఏ చేత్తో? వీపు మీద ఆవిడ ఉంది కదా?" అంది ఛున్హీ.

"మా ఆవిడ చేత్తో! అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ మీదకి పోయేసరికి నాకు చలికి తుమ్మొచ్చింది. ఆపుకుందామని చూశాను, నా మనసుకి తెలుసు, ఇది మామూలు తుమ్ము కాదని. ఆపలేకపోయాను. తుమ్మాను. ఒక్క తుమ్ముకి ఈ కొండ నుంచి ఆ కొండ దాకా ఉన్న ఆకులన్నీ రాలిపోయాయి. కింద బుసాన్ నుంచి వచ్చిన కొండలెక్కే సంఘం వాళ్ళు నలభై మంది అన్నం తింటున్నారు పాపం, గొంతు దాకా ఆకుల్లో కూరుకుపోయారు. నేను అన్నం డబ్బా మూతతో తవ్వి ఒక్కొక్కణ్ణీ బయటికి లాగాను. ముప్పై తొమ్మిది మంది దొరికారు. నలభయ్యోవాడు ఏడని గాబరా పడ్డాం. తీరా చూస్తే ఇంకా తింటున్నాడు!"

బున్యే పెద్దమ్మ ముసిముసిగా నవ్వి, ముక్కుకి కారం అంటుకుని తుమ్మింది. ఆమెకి ఎనభై రెండేళ్ళు, ఆ వాకిలీ ఆ కిమ్చీ కుండలూ ఆమెవే. "నా తుమ్ముకి ఒక్క రేకూ ఎగరలేదేమిరా చిల్బోక్?" అంది.

"నీకు అలవాటు లేదు పెద్దమ్మా."

వాకిలంతా గొల్లుమంది. మల్సూన్ కూడా నవ్వింది. ఈయన చెప్పే కొండ ఒకటి, తను చూసిన కొండ ఒకటి. తను చూసిన కొండ మీద పెద్ద చెట్టు కింద ఆయన ఒక కాలేజీ కుర్రదాన్ని బతిమాలి ఫోటో తీయించాడు. "టోపీ తియ్యి, ఎండ బాగుంది" అన్నాడు. మందులకి ఊడిన జుట్టు రెండు వేళ్ళ మందం పెరిగింది, అయినా రెండేళ్ళలో ఆమె బయట టోపీ తీయలేదు. తీసింది. ఎర్రటి ఆకుల కింద, గాలి తల మాడుకి తగులుతుంటే, ఏడుపొస్తుందేమోనని పళ్ళు బిగపట్టి నిలబడింది. ఆ ఫోటోలో ఆయన నోరు తెరిచి ఉంది. ఫోటో తీసే పిల్లకి కూడా ఏదో చెబుతూనే ఉన్నాడు మరి.

"ఇంకా అసలు కథలోకి రాలేదు" అని చిల్బోక్ కల్లు ఒక గుక్క తాగాడు. "కొండ దిగాక ఒళ్ళంతా ఆకు ధూళి. జంగుప్ పట్నంలో స్టేషన్ వెనక, పొడుగు పొగగొట్టం ఉన్న పాత స్నానశాల ఉంది, అందులోకి పోయాం."

ఆ మాటకి పట్టా మీద ఒక మనిషి తలెత్తి ఆయన వంక చూసింది. ఆమె యంగ్రాన్, బున్యే పెద్దమ్మ చెల్లెలి కూతురు. తన వాటా కిమ్చీ కోసం పొద్దున్నే పట్నం నుంచి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, వచ్చిన దగ్గర్నుంచీ పది మాటలకి మించి మాట్లాడలేదు. ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, మళ్ళీ తల దించుకుని కారం పట్టించసాగింది.

"ఆవిడ ఆడవాళ్ళ వైపు పోయింది, నేను మగవాళ్ళ వైపు పోయాను. లోపల వేడినీళ్ళ తొట్టిలో ఐదుగురు కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కడూ కుస్తీ పోటీల్లో ఎద్దు గెలుచుకొచ్చిన రకం. నలభై ఐదు డిగ్రీల నీళ్ళు. వాళ్ళ ముఖాలు ఉడికిన పీతల్లా ఉన్నాయి గానీ పరువు కోసం అబ్బ హాయి, అబ్బ హాయి అంటున్నారు. నేను దిగాను. దిగి, ఎవరయ్యా ఇక్కడ చన్నీళ్ళు పెట్టింది, అన్నాను. నలభై ఎనిమిదికి పెంచారు. నాకు వణుకు తగ్గలేదు. యాభై ఐదు. కుస్తీవాళ్ళు ఒక్కొక్కడూ లేచి పోయారు, చివరివాడు పోతూ పోతూ నాకు నమస్కారం పెట్టాడు. అరవై! ఇంక బాయిలరు వల్ల కాదని యజమాని చేతులెత్తేశాడు. అప్పుడు వాళ్ళే గమనించారు, నేను కూర్చున్నాక బాయిలరు ఆపేసినా నీళ్ళు మసులుతున్నాయి. నా వేడికి! దాంతో ఒకడు పోయి ముప్పై కోడిగుడ్లు తెచ్చి నా చుట్టూ వదిలాడు."

"ఉడికాయా?" అన్నాడు తేగన్.

"ఉడకడమా? ముందు పిల్లలయ్యాయి, తర్వాత ఉడికాయి!"

ఛున్హీ నవ్వలేక పట్టా మీద ఒరిగిపోయింది. పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళు మాంసం చూడ్డం మరిచిపోయారు.

మల్సూన్‌కి మాత్రం నవ్వు సగంలో ఆగింది. ఆ స్నానశాల గుమ్మం కళ్ళ ముందుకొచ్చింది. మగవాళ్ళకి నీలం తెర, ఆడవాళ్ళకి ఎర్ర తెర. ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు, పోయి చూడు, అని ఆయనే అన్నాడు. ఎర్ర తెర పట్టుకుని ఆమె ఆగిపోయింది. "నా వల్ల కాకపోతే ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను, అప్పటికి నువ్వు లోపలుంటే ఎలా?" అంది. "మగవాడి స్నానం ఎంతసేపే, ఐదు నిమిషాలు" అన్నాడాయన. లోపలికి పోయి, తువ్వాలు గుండెకి అదుముకుని, మూలన పీట మీద ముడుచుకుని కూర్చుంది. ఐదు నిమిషాలు కాలేదు. పక్క పీట మీదున్న ఎవరో ముసలామె, అడగనైనా అడక్కుండా, ఆకుపచ్చ గరుకు గుడ్డ చేతికిచ్చి వీపు తిప్పి కూర్చుంది. వీపు ఇచ్చినవాళ్ళకి రుద్దకపోవడం ఎక్కడా లేదు. గట్టిగా రుద్దాలంటే రెండు చేతులూ కావాలి. తువ్వాలు జారిపోయింది. ముసలామె ఇటు తిరిగి, మచ్చని ఒక్కసారి చూసి, "బాగా మానింది. తిరుగు, నీ వీపు రుద్దుతా" అంది. అంతే. ఆ తర్వాత మల్సూన్ మూడు గంటలు నీళ్ళలోంచి లేవలేదు. బయటికి వచ్చేసరికి ఆయన బెంచీ మీద కూర్చుని, "నేనూ ఇప్పుడే వచ్చా" అని అరటిపండు పాల సీసాకి గొట్టం గుచ్చి చేతికిచ్చాడు. ఇద్దరూ అది తాగుతూ బండి దాకా నడిచారు.

ఆ ముసలామె కొత్త మనిషి. వీళ్ళు కారు. అదే చిక్కు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" చిల్బోక్ బల్లమంచం మీద మోకాళ్ళ మీద లేచి కూర్చున్నాడు. "ఒళ్ళు రుద్దేవాడి దగ్గర పడుకున్నాను. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. నల్ల చెడ్డీ వేసుకుని, వీపు మీద ఫట్ ఫట్‌మని రెండు చరిచి మొదలుపెట్టాడు. మట్టి రావడం మొదలైంది. ఊడుతోంది, ఊడుతోంది, నూడుల్స్ లాగా బారుగా వస్తోంది, ఆగడం లేదు. వాడి చెయ్యి పడిపోయింది, ఇంకొకడు వచ్చాడు. వాడి తర్వాత ఇంకొకడు. ఆ పట్నంలో ఉన్న ఒళ్ళు రుద్దేవాళ్ళు ఏడుగురూ వచ్చారు. పై పొర పోయాక మిలట్రీలో ఉన్నప్పటి మట్టి బయటపడింది. అది తీశాక పెళ్ళినాటి మట్టి, దానికి ఇంకా అత్తరు వాసన. ఇంకా లోపలికి పోతే బడికి పోయిన రోజుల మట్టి. అక్కడ ఏం దొరికిందనుకున్నారు? నేను తొమ్మిదో ఏట పోగొట్టుకున్న గోళీ! దాని కోసం అప్పుడు మా తమ్ముణ్ణి అన్యాయంగా కొట్టాను. స్నానశాల నుంచే ఫోను చేసి వాడికి క్షమాపణ చెప్పాను."

"నీకు తమ్ముడెక్కడ బావా?"

"అందుకే ఎవరూ ఎత్తలేదు! వినండి. తూములు పూడిపోయాయి. మట్టిని పారలతో ఎత్తి మూడు ట్రాక్టర్లకి నింపారు. ఎక్కడ పోయాలా అని ఆలోచిస్తుంటే పక్క ఊరి రైతొకడు, అయ్యా, ఇలాంటి సారమున్న మట్టి నా జన్మలో చూడలేదు, నా చేనుకి ఇప్పించండి, అని కాళ్ళ మీద పడ్డాడు. సరే తీసుకోమన్నాను. ఆ చేను ఎవరిదనుకున్నారు?" చిల్బోక్ చెయ్యి చాపి పట్టా మీద గుట్టని చూపించాడు. "బున్యే పెద్దమ్మ ఈ ఏడాది క్యాబేజీలు ఎవరి దగ్గర కొందో వాడిదే."

"చీ!" అని ఛున్హీ నోట్లో పెట్టుకోబోయిన రేకుని విసిరికొట్టింది. ఒకామె నమిలింది మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గలు పొంగించుకుని కూర్చుంది. బున్యే పెద్దమ్మ నెమ్మదిగా ఒక రేకు తుంపి, నోట్లో వేసుకుని, నమిలి, "అదీ సంగతి! ఈసారి ఉప్పు కాస్త ఎక్కువైందేమిటా అనుకున్నాను" అంది.

వాకిలి నవ్వులతో ఇంకోసారి దద్దరిల్లింది. చిల్బోక్ ఆ నవ్వు పూర్తిగా తగ్గనివ్వలేదు.

"ఒళ్ళు రుద్దించుకుని బయటికొచ్చి తూకం వేసుకుంటే పదకొండు కిలోలు తగ్గాను. అద్దంలో చూసుకుంటే ఇరవై మూడేళ్ళ కుర్రాడు. మా ఆవిడ ఎర్ర తెర తీసుకుని వచ్చింది, నన్ను చూసింది, చూసి ఏమందో తెలుసా? తమ్ముడూ, లోపల మేంగ్ చిల్బోక్ అని ఒక పెద్దాయన ఉంటాడు, కాస్త పిలుస్తావా, అంది!"

నవ్వుల మధ్యలో యంగ్రాన్ చేతి తొడుగులు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టింది.

"పెద్దాయనా, మీ గొంతు ఎక్కడో విన్నానని పొద్దున్నించీ అనుకుంటున్నాను. ఆ స్నానశాలలో టికెట్లు ఇచ్చేది నేనే" అంది.

చిల్బోక్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"మీరు నన్ను చూసి ఉండరు. నా గదికి నడుమెత్తులో అర్ధచంద్రం కిటికీ, నా చేతులు తప్ప బయటికి ఏమీ కనబడవు. లోపల్నుంచి నాకు మాత్రం ఎదురుగా ఉన్న బెంచీ అంతా కనబడుతుంది." ఆమె ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఈయన మగవాళ్ళ టికెట్ తీసుకున్నాడు, తువ్వాలు తీసుకున్నాడు, నీలం తెర దాకా పోయాడు. వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. నాలుగు నుంచి ఏడు దాకా కదల్లేదు. కోటు కూడా విప్పలేదు. లోపల్నుంచి వచ్చిన ప్రతి మగాణ్ణీ ఆపి, నీళ్ళెలా ఉన్నాయి, రుద్దేవాడు ఎలాంటివాడు, అని ఆరా తీశాడు. ఎందుకా అనుకున్నాను, ఇప్పుడు తెలిసింది. పోతూ పోతూ కిటికీలోంచి తువ్వాలు తిరిగిచ్చాడు. మడత కూడా విప్పలేదు."

తేగన్ బల్లమంచం మీద దబదబా కొట్టాడు. "ఏడుగురు రుద్దిన ఒళ్ళు! మూడు ట్రాక్టర్ల మట్టి! నీళ్ళైనా ముట్టుకోలేదటర్రా!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. యంగ్రాన్ నవ్వలేదు.

"నాకే పాపమనిపించింది. మీరు పోయి స్నానం చెయ్యండి, ఆమె వస్తే నేను చెప్తాను, అన్నాను. అప్పుడు ఈయన ఏమన్నాడో తెలుసా? ఆవిడ వచ్చాక ఎవరో చెప్పడం కాదమ్మా, తెర తీయగానే నేను కనబడాలి, లేకపోతే భయపడుతుంది, అన్నాడు. ఇరవై ఏళ్ళుగా టికెట్లు ఇస్తున్నాను. మొగుళ్ళు బయట కూర్చుని విసుక్కోవడం చూశాను గానీ ఇలా కాపలా కాసినవాణ్ణి చూడలేదు."

నవ్వులు ఒక్కొక్కటీ ఆగాయి.

మల్సూన్ మొగుడి వంక చూసింది. ఆయన కల్లు గిన్నెలోకి చూస్తున్నాడు. నలభై మూడేళ్ళు ఈ మనిషి కోతలతో కాపురం చేసింది. ఏది కోతో ఏది కాదో తనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకుంది. "నేనూ ఇప్పుడే వచ్చా" అన్న చిన్న ముక్క కోత అని ఆమెకి తోచనేలేదు. తను లోపల హాయిగా వీపు రుద్దించుకుంటుంటే ఈయన బయట మూడు గంటలు తెర వంక చూస్తూ కూర్చున్నాడు. ఆమె గుండె నిండిపోయింది. ఆయన మీద కోపమూ వచ్చింది. చలిలో అంతసేపు!

"భయపడటమేమిటి?" అంది ఒకామె. "స్నానానికి పోతే భయమెందుకు?"

చిల్బోక్ వెంటనే తలెత్తాడు. "అదా! ఆ రోజు ఏమైందంటే, ఆ స్నానశాల తొట్టిలో ఒక ముసలి మొసలి ఉందని..."

కొత్త కోత మొదలుపెట్టాడు. మల్సూన్ కోసం. ఇంత ఎగతాళి పాలయ్యాక కూడా.

"ఊరుకో ఇంక" అంది మల్సూన్. చేతి తొడుగులు లాగేసింది. "మొసలీ లేదు, ఏమీ లేదు. నాకు పిత్తాశయంలో రాళ్ళు కావు. ఎడమ రొమ్ము తీసేశారు. అది మీకు చూపించలేకే రెండేళ్ళుగా రావడం లేదు. ఆ రోజు తెర దగ్గర భయపడ్డాను, అందుకని ఆయన బయటే కూర్చున్నాడు. నాకు ఇప్పుడే తెలిసింది. చాలా?"

బున్యే పెద్దమ్మ వేళ్ళకి అంటిన కారం నాకి, గొంతు సవరించుకుంది.

"ఒసే మల్సూన్, రాళ్ళు తీస్తే కనుబొమ్మలు కూడా ఊడిపోతాయిటే?"

మల్సూన్ చెయ్యి కనుబొమ్మల మీదకి పోయింది.

"మీ ఆయన కోతలు విని నవ్వుతాం గానీ, నీ కోత వినడానికి మాకు ఎంత కష్టమైందో తెలుసా?" అంది ముసలామె. "రెండేళ్ళు! వ్యాను వచ్చిన ప్రతిసారీ ఈ ఛున్హీ నిన్ను అడగడం, నువ్వు రాళ్ళ కథ చెప్పడం, మేమంతా అయ్యో పాపం రాళ్ళు అనడం. నాకు రాళ్ళంటేనే విసుగొచ్చింది."

"నీ అంతట నువ్వు చెప్పేదాకా ఎవరూ ఎత్తకూడదని పెద్దమ్మ మా నోళ్ళు కుట్టేసింది వదినా" అని ఛున్హీ కళ్ళు ఒత్తుకోబోయి, కారం చెయ్యి గుర్తొచ్చి ఆపింది. "సరే, వ్యానువాడికి ఏడుగురని చెప్పనా?"

మల్సూన్ ఏడుస్తూనే నవ్వింది. "చెప్పు. నా వీపు నువ్వే రుద్దాలి, పెద్దమ్మ రుద్దితే తోలు ఊడుతుంది."

మూడు గంటలకి వ్యాను వచ్చింది. ఆడవాళ్ళు తువ్వాళ్ళూ సబ్బులూ ఉన్న ప్లాస్టిక్ బుట్టలు పట్టుకుని ఎక్కారు. చిల్బోక్ అందరికన్నా ముందు ఎక్కి తలుపు పక్కన కూర్చున్నాడు.

"నువ్వెందుకు?" అంది మల్సూన్.

"ఊరికే. అక్కడ కూడా బెంచీ ఉంటుంది కదా."

"బెంచీ లేదు, గించీ లేదు. లోపలికి పోయి ఒళ్ళు రుద్దించుకుని, తువ్వాలు తడిపి పట్టుకురా. నేను చేత్తో పట్టుకుని చూస్తాను."

"మరి నువ్వు మధ్యలో బయటికొస్తే?"

"రాను" అంది మల్సూన్. ఊలు టోపీ తీసి ఆయన ఒళ్ళో పెట్టి, పోయి ఛున్హీకీ బున్యే పెద్దమ్మకీ మధ్య కూర్చుంది.

సంతవీధి దాకా నాలుగు మైళ్ళు. ఆ నాలుగు మైళ్ళూ మేంగ్ చిల్బోక్ టోపీని రెండు చేతులా పట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు. ఇది మాత్రం కోత కాదు, వ్యానులో ఉన్నవాళ్ళంతా సాక్షులే.